ఆటలో కూడా అద్దె కట్టాలా?

ఒక మనిషి బతుకునో, కుటుంబాన్నో, ఊరినో రోజూ నడిపించే ఆటలను లైఫ్ సిమ్యులేషన్ గేమ్‌లు అంటున్నాం. వీటిలో అప్పు, ఆకలి, జబ్బు, ఇల్లు పోవడం లాంటి నిజం కష్టాలు చూపించాలా అని కిందటి సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లోంచి ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పగలంతా బడితో, సాయంత్రమంతా ఇంటిపనితో సరిపోతుంది. రాత్రి ఓ అరగంట చిన్న ఊరు కట్టుకుని, ఇల్లు సర్దుకుని ఆడుకోవడం నాకిష్టం. ఈ మధ్య ఇలాంటి ఆటల్లోకి అప్పులు, రోగాలు, ఇల్లు ఖాళీ చేయించడాలు వచ్చి పడుతున్నాయి. "జీవితం అంటే అదేగా అక్కా" అంటాడు మా తమ్ముడు. కష్టాలు ఆటలో కూడా ఉండి తీరాలా?
– ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: ఉండి తీరాలని లేదు. మీ అరగంటను ఎవరూ తప్పుపట్టకూడదు. అయితే మీరు ఆడుతున్న ఆటల్లో ఇప్పటిదాకా కష్టం లేదనుకోవద్దు. ఉంది, కోరలు పీకి పెట్టారంతే.

'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' సంగతి చూడండి. 2020 మార్చిలో వచ్చింది. దీవిలో దిగగానే టామ్ నుక్ అనే వ్యాపారి మిమ్మల్ని బాకీదారును చేస్తాడు. గుడారం బాకీ తీరాక ఇంటికి 98,000 బెల్స్ (ఆ ఆటలో డబ్బు), ఆ తర్వాత ఒక్కో గది పెంచుకుంటూ పోతే చివరి అప్పే 24,98,000. అప్పు నిండా ఉంది. కానీ వడ్డీ లేదు, గడువు లేదు, గుమ్మం ముందు నిలబడి అరిచేవాడు లేడు. అందుకే అది హాయిగా ఉంటుంది. లోకంలో ఎక్కడా దొరకని అప్పు అది.

'స్టార్‌డ్యూ వ్యాలీ' కూడా అంతే. 2016లో వచ్చిన ఈ సేద్యం ఆటను ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని తయారుచేశాడు. 500 నాణేలు, 15 పార్స్‌నిప్ అనే దుంప విత్తనాలతో మొదలుపెడతారు. ఒకరోజు నీళ్లు పెట్టడం మరిచిపోతే మొక్క చావదు, ఆ రోజుకు ఎదుగుదల ఆగుతుంది. రాత్రి రెండు దాటాక పొలంలో పడిపోతే చేతిలో ఉన్నదాంట్లో పదో వంతు పోతుంది, ఎంత ఉన్నా 1,000కి మించి పోదు. చేసిన తప్పు మనిషిని ముంచకుండా ఉండేలా ఆ లెక్కలు కట్టారు.

ఈ ఆటలన్నిటికీ పెద్దక్క లాంటి 'ద సిమ్స్' పుట్టిందే ఒక కష్టంలోంచి. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్, బర్కిలీ కొండల్లో చెలరేగిన మంటల్లో ఆ ఆట చేసిన విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. మళ్లీ ఇల్లు నిలబెట్టుకుంటూ, మనిషికి ఏయే వస్తువు ఎందుకు కావాలి అని ఆలోచించడంలోంచి ఆ ఆట మొలకెత్తింది. 2000 ఫిబ్రవరిలో వచ్చినప్పుడే అందులో బిల్లులున్నాయి. కట్టకపోతే సామాన్లు పట్టుకుపోయే మనిషి ఉన్నాడు. ఆకలి చావు కూడా ఉంది. మీ తమ్ముడికి ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తాడు.

మా మాట ఇది. కష్టం ఉందా లేదా అన్న దగ్గర వాదన ఆపకూడదు. ఆ కష్టం ఎక్కణ్నుంచి వస్తోందో ఆట చూపిస్తోందా, దాన్ని పంచుకునే మనుషుల్ని కూడా పెట్టిందా అని అడగాలి. వడ్డీ పెట్టిన ఆట చేబదులు కూడా పెట్టాలి. అప్పులిచ్చేవాడిని మాత్రమే పెట్టి, పక్కింటివాళ్లను తీసేసిన ఆట బతుకును సగమే చూపిస్తుంది. ఇక, కష్టం కావాలో వద్దో ఎంచుకునే మీట మొదటి తెరమీదే ఉండాలి. మీరు వద్దనుకున్న రాత్రి అది మీ ఇంట్లోకి రాకూడదు.

ప్రశ్న: నేను 'సిమ్స్ 4' ఆడతాను. రెండు రోజుల్లో డబ్బు కుప్పలు పడుతుంది, విసుగొస్తోంది. సిటీకి పనికోసం వచ్చి ఒంటరిగా అద్దెకుండే మనిషి బతుకులా ఆడాలంటే ఏం మార్చాలి? మోడ్‌లు, అంటే ఆటను మార్చేందుకు బయటివాళ్లు చేసిన ఫైళ్లు వేసుకోవడం నాకు రాదు.
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మోడ్‌లు అక్కర్లేదు. 2022 అక్టోబరు నుంచి ఉచితంగా ఇస్తున్న మూల గేమ్ చాలు, ఒక పాచిక, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. పాత సేవ్‌ను పాడుచేసుకోకుండా కొత్తది తెరవండి.

కొత్త కుటుంబానికి ఆట 20,000 సిమోలియన్లు, అంటే ఆ ఆట డబ్బు, ఇచ్చి పంపుతుంది. ముందు అది పోవాలి. ఒక్క వయోజన సిమ్‌నే (ఆటలోని మనిషినే) తయారుచేయండి. ఊళ్ల మ్యాప్ కనిపిస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, సి మీటలు మూడూ కలిపి నొక్కితే పైన ఒక గడి తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాలతో 'ఫ్రీరియల్ఎస్టేట్ ఆన్' అని టైపు చేయండి. 'ఆన్'కు ముందు తప్ప మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇప్పుడు ఏ చిన్న ఇంట్లోనైనా డబ్బు లేకుండా దింపొచ్చు. ఇంట్లోకి వెళ్లాక అదే గడి తెరిచి 'మనీ 0' కొట్టండి. మంచం, స్టవ్, ఒక కుర్చీ ఉంచి మిగతావి తీసేసి, వాటికొచ్చిన డబ్బు కూడా మళ్లీ సున్నా చేయండి. టీవీ తీసేయడం మరవొద్దు. వినోదం అవసరం ఎంత తొందరగా పడిపోతుందో అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక ఉద్యోగం, మొదటి మెట్టు మీద. వారం చివర చేతిలో ఉన్నదాంట్లో మూడో వంతు అద్దె, పదో వంతు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు. ఉదాహరణకు 690 ఉంటే 230 అద్దె, 69 ఇంటికి. మిగిలేది 391. గడిలో 'మనీ 391' కొట్టండి. ఆట పంపే బిల్లులు దీనికి అదనం. అవి కట్టకపోతే మొదట కరెంటు, తర్వాత నీళ్లు ఆగుతాయి. ఆగనివ్వండి, అదే గడిలో 'మదర్‌లోడ్' కొట్టి 50,000 తెచ్చుకుంటే ఈ కష్టమంతా వృథా.

ఆదివారం పాచిక వేయండి. 1 పడితే జ్వరం: రెండు రోజులు పనికి పంపకండి, మందులకు 150 తీసేయండి. 2 పడితే అద్దె 50 పెరిగింది, అది ఇక తగ్గదు. 3, 4 పడితే ఏమీ లేదు. 5 పడితే ఎవరో 100 చేబదులిచ్చారు, రెండు వారాల్లో తిరిగివ్వాలి. ఇవ్వలేకపోతే ఆ స్నేహితుడితో రెండు వారాలు మాట్లాడించొద్దు. 6 పడితే అదనపు పని, 80 వస్తుంది.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఈ ఆటలో రోడ్డు పక్క రాళ్లు తవ్వి అమ్మినా, కప్పలు పట్టి అమ్మినా, బొమ్మలు గీసినా డబ్బే. ఒక్క సాయంత్రం తవ్వితే వారం జీతం దాటిపోవచ్చు. కాబట్టి దొరికిన వస్తువు రోజుకు ఒక్కటే అమ్మాలి, బొమ్మలు గీయడం అసలు వద్దు. ప్రమోషన్లు కూడా ఇట్టే వచ్చేస్తాయి. రెండోసారి ప్రమోషన్ వచ్చాక ఉద్యోగం మానిపించి మరో రంగంలో మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టించండి. కాంట్రాక్టు పనుల్లో ఉన్నవాళ్ల బతుకు దాదాపు ఇలాగే ఉంటుంది. విడిగా కొనే 'కాటేజ్ లివింగ్' ప్యాక్ ఉంటే అందులోని 'సింపుల్ లివింగ్' అనే నియమాన్ని ఇంటికి పెట్టుకోండి, సరుకులు లేకుండా వంట కుదరదు.

పిల్లలున్న కుటుంబంతో మాత్రం ఈ పద్ధతి మొదలుపెట్టకండి. పాప ఆకలితో ఉంటే ఆట ఒకటే చేస్తుంది: అధికారి వచ్చి తీసుకెళ్లిపోతారు, ఆ బిడ్డ మళ్లీ రాదు. ఈ ఆటలో మాకు అన్నిటికంటే నచ్చనిది ఇదే. లేమికీ నిర్లక్ష్యానికీ అక్కడ తేడా లేదు. బడిలో మధ్యాహ్న భోజనం లేదు, అంగన్‌వాడీ లేదు, "మా ఇంట్లో తినిపిస్తాలే" అనే పొరుగావిడ లేదు. 2009లో ఇంగ్లండ్‌లో గేమ్ డిజైన్ చదువుతున్న ఒక విద్యార్థి 'సిమ్స్ 3'లో ఒక తండ్రినీ కూతుర్నీ ఇల్లు లేకుండా పార్కులో వదిలి, వాళ్ల రోజుల్ని వరసగా రాస్తే వేలమంది కదిలిపోయి చదివారు. అందులో మనసును పట్టేది ఆ పిల్ల ఎక్కడ నిద్రపోతుంది, ఎవరింట్లో తింటుంది అన్నదే. ఆట ఇవ్వని సాయాన్ని చదివేవాళ్లు తమ మనసులో నింపుకున్నారు.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. యుద్ధంలో చిక్కుకున్న మామూలు జనం గురించిన 'దిస్ వార్ ఆఫ్ మైన్' ఫోన్లో ఆడింది. ఆటలో ఒకతను ఆకలితో చనిపోతే రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇలాంటివి పూర్తిగా మాన్పించాలా?
– ఒక తండ్రి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఈ ఆటను ఇప్పటికి ఆపండి. ఇది పెద్దవాళ్లకోసం చేసింది. పోలండ్‌కు చెందిన 11 బిట్ స్టూడియోస్ 2014 నవంబరులో విడుదల చేసింది. 1992 నుంచి 1996 దాకా బోస్నియాలోని సారయేవో నగరాన్ని చుట్టుముట్టి ఉంచినప్పుడు లోపల చిక్కుకున్న జనం బతికిన తీరు దీనికి ఆధారం. 2020లో పోలండ్ ప్రభుత్వం దీన్ని బడుల్లో చదవదగ్గవాటి జాబితాలో చేర్చింది కానీ, 18 ఏళ్లు నిండిన విద్యార్థులకే. అంటే విలువైన ఆటే, మీ అమ్మాయికి ఇంకా వేళ కాలేదు.

ఆపేటప్పుడు "ఏడుపు ఆటలెందుకు" అనకండి. తన చేతిలో ఉన్న మనిషి పోయాడని బాధపడటం ఆ అమ్మాయిలో ఉన్న మంచితనం. అతనికి తిండి ఎందుకు అందలేదు, రాత్రి ఎవర్ని బయటికి పంపావు, ఎవరి దగ్గర తీసుకోవాల్సి వచ్చింది అని అడిగి, చెప్పనివ్వండి. ఈ ఆటలో అసలు కుమిలిపోయేది ఆ ఎంపికల దగ్గరే: ముసలి దంపతుల ఇంట్లో మందులు దొంగిలించాలా వద్దా లాంటివి. దాన్ని బయటికి అనేస్తే సగం భారం దిగుతుంది. తిండి, నిద్ర వారం దాటినా గాడిలో పడకపోతే పిల్లల వైద్యుల్ని కలవండి.

ఇకమీదట ఏ ఆటైనా ఇచ్చే ముందు మీరే గంటసేపు ఆడి చూడండి. పాత్ర చనిపోతే వెనక్కి వచ్చే దారి ఉందా, అక్కడితో ఆఖరా? పిల్లల పాత్రలకు హాని జరుగుతుందా? ఎప్పుడంటే అప్పుడు ఆపి సేవ్ చేయొచ్చా, లేక రోజు ముగిసేదాకా ఆగాలా? కష్టంలో ఉన్నవాళ్లకు సాయం చేసే మార్గం ఆటలో ఉందా? పదమూడేళ్ల మనసుకు ఈ ఆఖరిది ముఖ్యం. సాయం చేయగలిగితే బాధను మోయగలరు, చూస్తూ ఊరుకోవాల్సి వస్తే మోయలేరు.

అమెరికా రేటింగ్‌లో 10 ఏళ్లు దాటినవారికి అనుమతి ఉన్న 'స్టార్‌డ్యూ వ్యాలీ' ఈ వయసుకు బాగుంటుంది. అందులో బండి ఇంట్లో తల్లితో ఉంటూ పిల్లలకు చదువు చెప్పే పెన్నీ ఉంది, గుడారంలో బతికే లైనస్ ఉన్నాడు, రెండో ఏట యుద్ధం నుంచి తిరిగొచ్చే కెంట్ ఉన్నాడు. షేన్ అనే అతని కథలో మాత్రం తాగుడు, బతుకు మీద విరక్తి వస్తాయి. అతనితో స్నేహం పెరిగేటప్పుడు మీరు పక్కన కూర్చోండి.

ఆటలో చావు పిల్లలకు చూపొచ్చా అన్న మీమాంస పాతదే. 1996లో జపాన్‌లో వచ్చిన, చిన్న తెర మీద ఒక ప్రాణిని పెంచుకునే తమగోచి బొమ్మ గుర్తుందా? పట్టించుకోకపోతే ఆ ప్రాణి చనిపోయేది. జపాన్ బొమ్మలో సమాధి, దయ్యం కనిపించేవి. ఇంగ్లిష్ బొమ్మలో దేవదూతను పెట్టారు. బొమ్మ ఒకటే, ఆడే పిల్లల వయసూ ఒకటే. చెప్పే తీరే మార్చుకున్నారు.

ప్రశ్న: ఇలాంటి ఆటలు ఆడితే పేదవాళ్ల మీద సానుభూతి పెరుగుతుందని విన్నాను. మా సంస్థలో కొత్తగా చేరేవాళ్లకు శిక్షణలో పెట్టాలనుకుంటున్నాం. పనిచేస్తుందా?
– స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, అనంతపురం

జవాబు: ఒక్క ఆట మీద ఆధారపడకండి, ఎదురు తిరగొచ్చు.

'స్పెంట్' అనే ఆట ఉంది. అమెరికాలో అర్బన్ మినిస్ట్రీస్ ఆఫ్ డర్హమ్ అనే సేవాసంస్థ కోసం మెకిన్నీ ప్రకటనల కంపెనీ 2011లో చేసింది. ఉద్యోగం పోయి, ఇల్లు పోయి, చేతిలో 1,000 డాలర్లతో నెల గడపాలి. పిల్లవాడి బడి ఖర్చా, కారు రిపేరా, పంటి నొప్పా అని ఒక్కోటీ ఎదురవుతుంది. చక్కగా చేశారు. కానీ 2016లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని ఆడించి చూస్తే, ఆడినవాళ్లకు పేదల పట్ల అభిప్రాయం మెరుగుపడలేదు. కొందరిలో ఇంకాస్త చెడింది కూడా. కారణం ఆలోచిస్తే తేటగానే ఉంది. ప్రతి అడుగులో మీట నొక్కేది ఆటగాడే. సరిగ్గా నొక్కితే నెల దాటేస్తాడు. "నేను దాటాను, వాళ్లెందుకు దాటలేరు?" అనుకుంటాడు. పేదరికం మనిషి చేసే ఎంపిక అని ఆ మీటలే అతనికి నేర్పుతాయి. అదే ఆటను తాము ఆడకుండా చూసినవాళ్ల మీద మాత్రం మంచి ప్రభావమే కనిపించింది.

కాబట్టి శిక్షణలో ఒకరు ఆడండి, పదిమంది చూడండి. ఇరవై నిమిషాలు చాలు. తర్వాత ఎవరైనా "ఇలా చేసుంటే గట్టెక్కేవాడు" అంటే, ఆ 'ఇలా'కు ముందే ఏమేం ఉండి తీరాలో బోర్డు మీద రాయించండి: పూచీ పడే మనిషి, అడ్వాన్సు డబ్బు, పిల్లల్ని చూసుకునే పెద్దదిక్కు. ఎంత రాస్తే అంత మంచిది.

లూకస్ పోప్ 2013లో చేసిన 'పేపర్స్, ప్లీజ్' కూడా పనికొస్తుంది. సరిహద్దులో పాస్‌పోర్టులు చూసే చిరుద్యోగి కథ. సరిగ్గా పరిశీలించిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్లు. రోజుకు రెండు తప్పుల దాకా హెచ్చరికతో సరి, ఆపైన కోత. సాయంత్రం ఇంటి అద్దె, తిండి, చలికి వేడి, మందులు అన్నీ ఆ డబ్బులోంచే. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మరో పెద్దాయన. ఎంత బాగా పనిచేసినా చాలని రోజులుంటాయి. ఆ రోజున దీనంగా నిలబడ్డ మనిషిని వెనక్కి పంపాల్సివస్తే, అది గుణం వల్ల కాదు, చాలని జీతం వల్ల అని ఆడేవాడి చేతికే తెలుస్తుంది.

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టుకు కౌలు రైతు మీద ఒక గేమ్ చేస్తున్నాం, నలుగురం. పత్తి సేద్యం, అప్పు, వాన. ఆడిన స్నేహితులు "బాగా ఏడిపించావురా" అంటున్నారు కానీ ఏదో వెలితిగా ఉంది. ఎలా సరిచేయాలి?
– బీటెక్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఏడిపించడం తేలిక. మీ ఆటలో ముందు సంగీతం తీసేసి, పద్దులు పెట్టండి.

వెలితి ఎక్కడో మేం ఊహించగలం: మీ ఆటలో నష్టం వానవల్ల వస్తోంది. వాన పడలేదు, పంట పోయింది, అంతే. అప్పుడు ఆడేవాడు రాతను తిట్టుకుని లేస్తాడు. అదే వాన, అదే పొలం, అదే కష్టంతో సొంత భూమి ఉన్న రైతు ఏమయ్యాడో పక్కన చూపించాలి. కింద అంకెలు ఆటకోసం వేసినవి. మీ ప్రాంతంలో అడిగి మార్చుకోండి.

మూడు ఎకరాలు. కౌలు ఎకరాకు 12,000, అంటే 36,000, ముందే కట్టాలి. విత్తనం, ఎరువు, మందులు, కూలీ కలిపి ఎకరాకు 20,000, మొత్తం 60,000. ఇద్దరి దగ్గరా చేతిలో చెరో 16,000 ఉంది. కౌలు రైతుకు కావాల్సిన 96,000లో 80,000 అప్పు. సొంత భూమి రైతుకు 44,000 అప్పు చాలు. వడ్డీ నూటికి రెండు రూపాయలు, జూన్ నుంచి జనవరి దాకా ఎనిమిది నెలలు. కౌలు రైతుకు నెలకు 1,600 చొప్పున 12,800. సొంత రైతుకు 880 చొప్పున 7,040.

పంట సరిగా రాలేదు: ఎకరాకు నాలుగు క్వింటాళ్లు, ధర 6,000. ఇద్దరికీ 72,000 వచ్చింది. సొంత రైతు 51,040 కట్టేసి 20,960 చేతిలో పెట్టుకుంటాడు. కౌలు రైతు కట్టాల్సింది 92,800. ఉన్నదంతా ఇచ్చినా 20,800 బాకీ, చేతిలో సున్నా. ఇద్దరి పొలం మీదా పడింది ఒకే వాన.

రెండో ఏడు ఇంకా ముఖ్యం, చాలా ఆటలు ఇక్కడికి రాకుండానే అయిపోతాయి. ఈసారి సొంత డబ్బు లేదు కాబట్టి 96,000 మొత్తం అప్పే, పాత బాకీతో కలిపి 1,16,800. పాత బాకీ ఉంది కాబట్టి వడ్డీ మూడు రూపాయలకు పెరిగింది. ఎనిమిది నెలలకు 28,032. ఇప్పుడు ఆటగాడికి మంచి ఏడాదే ఇవ్వండి: ఎకరాకు ఏడు క్వింటాళ్లు, ధర 7,000, మొత్తం 1,47,000. అప్పు, వడ్డీ కట్టగా మిగిలింది 2,168. వేసవి నెలల వడ్డీ, ఇంటి తిండి ఇందులో లేవు. బంగారంలాంటి పంట పండిన ఏడు, తెర మీద 2,168 అని ఒక్క అంకె కనిపించాలి. అక్కడ ఏ విషాద సంగీతమూ అక్కర్లేదు.

దీనిమీద రెండు నిజాలు చేర్చండి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరాకు సీజనుకు మొదట 4,000, తర్వాత 5,000 చొప్పున పట్టాదారుకే వెళ్లింది, కౌలుదారుకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు వచ్చింది, దానికి భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనని రైతు భయం. ఇది మీ ఆటలో ఒక పూర్తి సన్నివేశం. యజమానిని దుర్మార్గుడిగా చేయకండి. పట్నంలో చిన్న జీతం మీద బతుకుతూ, ఆ కౌలు డబ్బుతో కూతురి ఫీజు కట్టే మనిషిగా పెట్టండి.

ఎనిమిది నెలల్ని పక్షానికి ఒకటి చొప్పున 16 వంతులు చేయండి. ఒక వంతుకు రెండు నిర్ణయాలు మించొద్దు. ఏడాది ఆట 25 నిమిషాల్లో అయిపోవాలి. గంట దాటితే రెండో ఏడు ఎవరూ ఆడరు. అప్పు పద్దును విడి తెరగా, షావుకారు చేతి పుస్తకంలా చూపండి, ఎప్పుడు తెరిచినా నేటివరకు వడ్డీ కనబడాలి. ముగ్గురు ఇరుగుపొరుగు పెట్టండి. ఒక్కొక్కరు ఏడాదికి ఒకసారి 2,000 దాకా చేబదులిస్తారు, వాళ్లకు అవసరం పడ్డప్పుడు తిరిగి అడుగుతారు. భార్య పొదుపు సంఘంలో ఉంటే అక్కడి నుంచి తక్కువ వడ్డీకి ఒక చిన్న అప్పు. ఇవేవీ లేకుండా రైతును ఒంటరిని చేస్తే అది మన ఊరు కాదు.

ఆత్మహత్యను ఆట ముగింపు తెరగా పెట్టవద్దు. అది ఒక మీట కాకూడదు, అంకె దాటితే వచ్చే ఫలితమూ కాకూడదు, పద్ధతి అసలు చూపకూడదు. మీ ఆట ఆడేవాళ్లలో అలాంటి ఇంటినుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు. ఆట ముందూ వెనకా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో ఉంచండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. సాగు మానేసి కూలికి వెళ్లడం, వలస పోవడం, మరో పొలం చూసుకోవడం లాంటి ముగింపులు నిజానికి దగ్గరగా ఉంటాయి, అవి రాయండి.

ఇక సాంకేతికం. ముందు కాగితం మీద, చిల్లర నాణేలతో మూడుసార్లు ఆడి అంకెలు సరిచూసుకోండి. కోడు రాశాక అంకె మార్చడం బద్ధకమవుతుంది. తెలుగు అక్షరాలు కొన్ని ఇంజిన్లలో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లలో, విరిగిపోతాయి, వొత్తులు పక్కకు జారి 'అప్పు' కాస్తా విడివిడి ముక్కలవుతుంది. అక్షరాలను కలిపే పని ఆ ఇంజిన్ చేయకపోవడమే కారణం. గొడో 4 అనే ఇంజిన్‌లో ఆ ఏర్పాటు ఉంది, ఉచితం. ఏది వాడినా మొదటిరోజే 'వర్షం', 'క్వింటాళ్లు', 'స్త్రీ' అన్న మాటలు తెరమీద చూసుకుని ముందుకెళ్లండి.

పరీక్షించేటప్పుడు స్నేహితులతో పాటు నలుగురైదుగురు కౌలు రైతుల్ని కూర్చోబెట్టండి, ఆ రోజు కూలి డబ్బు లెక్కగట్టి ఇవ్వండి. ఆట ముగిశాక ఒకటే అడగండి: "బాకీ ఎందుకు మిగిలింది?" స్నేహితులు "నేను సరిగా ఆడలేదు" అంటే అంకెలు మళ్లీ చూసుకోండి. "కౌలు ముందే పోయింది, వడ్డీ తినేసింది" అంటే ఆట కుదిరినట్టే. రైతులు మాత్రం మీకు తెలియని పద్దులు రెండు చెబుతారు, అవి రాసుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో కంప్యూటర్ లేదు. సెలవులకు మనవళ్లు వస్తారు, 'బిజినెస్' బోర్డు ఉంది. దానితో ఇలాంటిదేమైనా ఆడించొచ్చా?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, బొబ్బిలి

జవాబు: భేషుగ్గా. ఆ బోర్డు ఆటకు మూలం ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ మహిళ 1904లో పేటెంటు తీసుకున్న 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్'. భూమి కొందరి చేతిలో పడితే అద్దెలు మిగతావాళ్లను ఎలా ముంచుతాయో చూపడానికే ఆవిడ చేశారు. అంటే మీరు ఆటను పుట్టింటికి తీసుకెళ్తున్నారంతే.

నలుగురు ఆడితే ఇద్దరికి మామూలు డబ్బు, ఇద్దరికి సగం ఇవ్వండి. సగంవాళ్లు ఒకే పాచిక వేయాలి, మొదటి గడి దాటినప్పుడు వచ్చే డబ్బు కూడా సగమే. ఎవరికి ఏది అన్నది చీటీ తీసి తేల్చండి, వాళ్లకు కనబడేలా. బర్కిలీ విశ్వవిద్యాలయంలో పాల్ పిఫ్ అనే పరిశోధకుడు ఇద్దరితో ఇలాగే ఆడిస్తే, ఎక్కువ డబ్బు దొరికినవాళ్లు ఆట సాగేకొద్దీ గట్టిగా మాట్లాడటం, తాము బాగా ఆడామని చెప్పుకోవడం కనిపించింది. మీ మనవళ్లలోనూ కనిపిస్తుంది, కోప్పడకండి.

నలభై నిమిషాలకు ఆపి, చీటీలు మార్చి మళ్లీ మొదలుపెట్టండి. ఇలా మార్చకుండా వదిలేస్తే ఆట గొడవతోనే ఆగిపోతుంది. రెండో వంతులో ఒక కొత్త నియమం పిల్లల్నే రాయమనండి: అద్దె కట్టలేనివాడు ఏం చేయొచ్చు? వాయిదా అడగొచ్చా, పక్కవాడు పూచీ పడొచ్చా, ఒక గడి అద్దె అందరూ కలిసి మాఫీ చేయొచ్చా అని. చిన్నవాడి చేత ముందు చెప్పించండి, పెద్దవాడు చెప్పాక వాడు నోరు మెదపడు.